మద్దమ్మ కట్టిన గోడ

మా సీమలో నీళ్ళ కోసం చచ్చినవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు గాని, నీళ్ళలో పడి చచ్చినవాళ్ళు తక్కువ. అందుకే మద్దమ్మకు నీళ్ళంటే భక్తి ఉండేది, భయం ఉండేది కాదు. ఆమె పుట్టింది రాయచోటి దగ్గర ఒక వడ్డెపల్లెలో. నాన్న వెంకటరాముడు బావులు తవ్వేవాడు. ఏడో ఏటనే తట్ట నెత్తికెత్తుకుంది, పదహారో ఏట సమ్మెట పట్టింది. పెళ్ళయిన మూడేళ్ళకు మొగుడు ఒక బావిలో బండ పేల్చడానికి తూటా పెట్టాడు. అది పేలలేదు. ఎందుకు పేలలేదో చూద్దామని వంగినవాడు మళ్ళీ లేవలేదు. బావికి మాత్రం గంగ పడింది, రైతు ఆ నీళ్ళతో రెండు కార్లు వేరుశనగ పంట తీశాడు. లోకం తీరే అంత, ఎవరినని ఏం లాభం.

బావి పనివాళ్ళకు ఊట సంగతి చెప్పక్కర్లేదు. గంగ పడినప్పుడు నీళ్ళు బుసబుసా పొంగుతాయి. మోకాటి దాకానో నడుం దాకానో వచ్చి ఒకచోట నిలుస్తాయి. నిలిచి నాలుగు వేళ్ళు దిగాయంటే ఊట తీరిందన్నట్టే, ఇక ఎక్కవు. ముప్పై బావుల్లో మద్దమ్మ కళ్ళారా చూసిన విషయమిది.

ఎనభై నాలుగులో ఖాదామా వీసా మీద, అంటే ఇంటిపని వీసా మీద, కువైట్ చేరింది. బ్నీద్ అల్ గార్‌లో ఇల్లు, రెండు వీధులు దాటితే సముద్రం. ఆ ఇంటి యజమానురాలి పేరు బద్రియా, పనివాళ్ళు మామా అనాలి. చక్కెర జబ్బు మనిషి, నోరు మాత్రం ఊరంత. అన్నం మెత్తబడితే తిట్టు, పలుకైతే తిట్టు. తిట్టి తిట్టి, ఆఖరికి తన పళ్ళెంలోంచే ఇంత తీసి మద్దమ్మ ముందు పెట్టేది. కొడుకు ఫైసల్ అప్పటికి పదిహేనేళ్ళవాడు. పనిమనిషికి అరబ్బీ నేర్పిందీ, మద్దమ్మను ‘మద్దీ’ అని కత్తిరించిందీ వాడే.

తొంభై ఆగస్టు రెండున ఇరాకీ టాంకులు వచ్చిపడ్డాయి. ఇంటి యజమాని, బాబా అంటారు, వైద్యానికని కైరో పోయి అక్కడే చిక్కుకున్నాడు. మనవాళ్ళు బస్సులెక్కి అమ్మాన్ దారి పట్టారు. మద్దమ్మ పోలేదు. అదేదో గొప్ప త్యాగమని నేను చెప్పను. ఆమె పాసుపోర్టు బాబా ఇనప్పెట్టెలో ఉంది, తాళంచెవి బాబా జేబులో కైరోలో ఉంది. అంతే సంగతి. కాకపోతే అక్టోబరులో రాయబార కార్యాలయం వాళ్ళు ఉత్త కాగితం మీద కూడా పంపిస్తున్నారని తెలిసినప్పుడు ఆమె పోయి వరసలో నిలబడలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

చలికాలానికి మగపిల్లల్ని వీధుల్లోంచి ఎత్తుకుపోవడం మొదలైంది. పక్కవీధి కుర్రవాణ్ణి వాళ్ళ గుమ్మం ముందే, తల్లి చూస్తుండగా కాల్చి, ఆ శవాన్ని సాయంత్రం దాకా తియ్యనివ్వలేదు. ఆ రోజుతో మామా గొంతు తగ్గిపోయింది. తిట్టడం మానేసింది. మద్దమ్మకు అంతకంటే భయమేసిన సంగతి ఇంకేదీ లేదు.

ఆ ఇంటికింద నేలమాళిగ ఉంది, సర్దాబు అంటారు. అందులో బియ్యం బస్తాలు, పాత సామాన్లు. ఒక మూల గుంటలో చిన్న మోటారు రాత్రనక పగలనక రొద చేస్తుండేది. అది ఎందుకని మద్దమ్మ ఎప్పుడూ అడగలేదు, కరెంటు ఇంట్లో ఏదో ఒకటి రొద చేస్తూనే ఉంటుంది గదా. సర్దాబు చివర రెండు మెట్లు దిగితే ఇరుకు గది ఒకటి. పాత సామాన్లలో దొరికిన సమ్మెటతో మద్దమ్మ ఆ గది తలుపు పీకేసి, పెరట్లో పడివున్న సిమెంటు ఇటుకలతో గోడ కట్టేసింది. పూత పూసి, సున్నం కొట్టి, పిడికెడు దుమ్ము చల్లింది. పాతికేళ్ళనాటి గోడని ఎవరైనా ప్రమాణం చేస్తారు. గాలికి పైన, కప్పు కింద, రెండు పిడికిళ్ళ సందు వదిలింది. మనిషి దూరడానికి కింద, నేలకు సమంగా ఒక కన్నం. దానికి అడ్డంగా చెడిపోయిన ఖాళీ ఫ్రిజ్జు. ఫైసల్ లోపలికి పాకాక ఫ్రిజ్జు జరిపేస్తే ఆ గదే లేదు. రెండు నెలల్లో మూడుసార్లు సైనికులు వచ్చి సర్దాబంతా తిరిగారు, ఒకడు ఆ గోడకు వీపానించి సిగరెట్ కూడా తాగాడు. సిమెంటు పాలు ఎక్కువే కలిపింది మద్దమ్మ, పని అన్నాక గట్టిగా ఉండాలని.

ఫిబ్రవరి ఆఖరి వారంలో కరెంటు పోయింది, ఊరు ఊరంతా. నూనెబావులు తగలబడి ఆకాశం మసిబారింది, పట్టపగలు దీపం పెట్టుకోవాల్సి వచ్చింది. సర్దాబులో మోటారు ఆగింది. సాయంత్రానికి గుంటలోంచి నీళ్ళు గట్టెక్కి నేలంతా పరుచుకున్నాయి. పొద్దున లాంతరు పట్టుకుని దిగేసరికి మోకాళ్ళ దాకా ఉన్నాయి. గోడమీద మసి గీత పెట్టి ఒక గంట కాచుకుంది. నీళ్ళు ఎక్కలేదు. పైగా నాలుగు వేళ్ళు దిగాయి.

ఫైసల్‌ను కన్నంలోంచి బయటికి లాగింది. గడ్డం నుంచి నీళ్ళు కారుతున్నాయి, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

“నేనిక ఇందులో ఉండలేను. మిద్దెలు దాటి స్నేహితుడింటికి పోతా,” అన్నాడు.

మామా కొడుకును చూసింది, తర్వాత మద్దమ్మను చూసింది. “నువ్వు బావులు తవ్వినదానివి గదా. నీళ్ళ సంగతి నీకు తెలుసు. చెప్పు, ఇవి ఇంకా ఎక్కుతాయా?”

ఆ ఇంట్లో ఆరేళ్ళలో మొదటిసారి ఒకరు ఆమెను ఏదైనా తెలిసిన మనిషిలాగా అడిగారు. మద్దమ్మ కొంగు బిగించింది.

“ఖలాస్ మామా. ఊట తీరిపోయింది. ఇక జానెడు కూడా ఎక్కవు, నాది పూచీ. వీధుల్లో దొరికినవాణ్ణి దొరికినట్టు లారీలకెక్కిస్తున్నారు. వీడు లోపలే ఉండాల,” అంది తన ముక్కల అరబ్బీలో.

మామా తలూపింది. ఫైసల్ తిరిగి లోపలికి పాకాడు. లోపల పెట్టె మీద పెట్టె పేర్చి పైన కూర్చోమంది మద్దమ్మ. ఖాళీ ఫ్రిజ్జు నీళ్ళలో నిలబడనంటూ ఊగితే, బియ్యం అరల బల్లను దానికి ఆనించి బిగించింది. చేసిన పని చూసుకుని తృప్తిపడింది కూడా. ఆ తృప్తిని తర్వాత ఎన్నేళ్ళు తిట్టుకుందో.

పదిగంటలకల్లా వీధి తలుపు విరిగిపడింది. ముగ్గురు సైనికులు, నెరసిన మీసాల అధికారి ఒకడు. యుద్ధం ఓడిపోయి పారిపోతున్నవాళ్ళు. అలాంటివాళ్ళకు ఆకలీ కోపమూ రెండూ ఎక్కువే ఉంటాయి. కొడుకెక్కడ అని అడిగారు. లేడంటే మామా దవడమీద తుపాకి మడమతో కొట్టారు. అడ్డంపోయిన మద్దమ్మను జుట్టుపట్టి గోడకేసి బాదారు, కనుబొమ పగిలి కంట్లోకి నెత్తురు దిగింది. ఒకడు సర్దాబు తలుపు తీసి టార్చి కొట్టాడు. నల్లటి నీళ్ళు, తేలే చెత్త. ఉమ్మేసి మళ్ళీ తలుపు మూసేశాడు. మామా పగిలిన పెదవులతోనే మద్దమ్మ వైపు చూసింది. నీళ్ళే కొడుకును కాపాడాయన్న చూపది. మద్దమ్మకు నెత్తురు కారుతున్నా గుండె నిండింది.

వాళ్ళు పోలేదు. తివాచీలు చుట్టారు, టీవీ మోశారు, లారీ చక్రం పంక్చరైతే దాన్ని విప్పుతూ కూర్చున్నారు. మధ్యాహ్నమవుతోంది. ఆ వేళకు వచ్చింది కరుణమ్మ. అంతర్వేది దగ్గర పల్లె ఆమెది, క్రైస్తవురాలు, ఆసుపత్రిలో నర్సు. వెనకింటి గదిలో ఉంటుంది, రోజూ వచ్చి మామాకు చక్కెర సూది వేసిపోతుంది. తెల్ల గౌను చూసి సైనికులు లోపలికి వదిలారు.

మామా పక్కన కూర్చుని దూదితో నెత్తురు తుడుస్తూ, తల ఎత్తకుండా తెలుగులో అడిగింది. “పిల్లోడెక్కడే?”

“కిందనే ఉండాడక్కా. గోడ ఎనకాల.”

కరుణమ్మ చెయ్యి ఆగిపోయింది. “కిందేంటే? మా ఇంటి కింద నడుం దాటేసాయి నీళ్ళు. ఇంకా ఎక్కుతన్నాయి.”

“ఊట తీరిందక్కా. పొద్దున నాలుగు వేళ్ళు దిగినాయి, నేను గీత పెట్టి సూసినా.”

“ఊటేంటే నీ మొకం! అది సముద్రం. ఎల్లుండి పున్నం. తెల్లారి ఆటు, అందుకని దిగాయి. ఇప్పుడు పోటు. మా ఊళ్ళో చంటిపిల్లనడిగినా చెప్తాది. ఇంకో రెండు గంటలు ఎక్కుతానే ఉంటాది!”

మద్దమ్మ జన్మలో ఆటుపోట్ల మాట విని ఎరగదు. రాయచోటి బావుల్లో ఏ చంద్రుడూ నీళ్ళను లాగలేదు. సర్దాబులో కన్నం నేలకు సమంగా ఉంది, దాని ముందు ఫ్రిజ్జు, ఫ్రిజ్జుకు బల్ల. అన్నీ తన చేతులతో బిగించినవే. గది రెండు మెట్లు కిందికి. లోపల వాడు. మామాకు తెలుగు తెలియకపోయినా ఆ ఇద్దరి మొహాలు చూసి అంతా చదివేసింది.

“మద్దీ,” అంది మెల్లగా. “పో.”

సైనికులు అన్నానికి అడగడం ఒక రకంగా దేవుడి చలవ. బియ్యం కిందున్నాయని మద్దమ్మ అధికారికి చెప్పింది. తీసుకురా పో అన్నాడు. ఎవడూ తోడు రాలేదు, ఆ నీళ్ళలో బూట్లు తడుపుకోవడం వాళ్ళకిష్టం లేదు. అయితే తలుపు తెరిచే ఉంచమన్నాడు, ఒకణ్ణి హాల్లోనే కూర్చోబెట్టాడు.

మెట్లు దిగేకొద్దీ చీర తేలింది. ఆఖరి మెట్టు దిగేసరికి నీళ్ళు రొమ్ముల దాకా ఉన్నాయి, ఉప్పగా, మురికిగా, ఎముకలు కొరికే చలిగా. లాంతరు అరమీద పెట్టింది. ఫ్రిజ్జు తేలి, పక్కకు ఒరిగి, గోడకూ బల్లకూ మధ్య అడ్డంగా బిగుసుకుపోయింది. మునిగి దాన్ని రెండు చేతులా లాగింది. కదల్లేదు. మళ్ళీ మునిగింది. వేళ్ళ గోళ్ళు ఊడొచ్చాయి గాని అది అంగుళం జరగలేదు. పైకి తేలి సందు దగ్గర నోరు పెట్టింది.

“ఫైసల్!”

“గడ్డం దాకా వచ్చాయి మద్దీ.” నోట్లోకి పోయిన నీళ్ళు ఉమ్మేశాడు. “పెట్టెలు కూలిపోయాయి. ఎక్కవన్నావు గదా.”

ఆ మాట తగిలినట్టు, సైనికులు గోడకేసి బాదిన దెబ్బ కూడా తగల్లేదు.

గోడ పగలగొట్టాలి, ఇంకో దారి లేదు. సమ్మెట బస్తాల అర మీదనే ఉంది. కట్టేటప్పుడు పై వరసలో, సందు పక్కన, సిమెంటు అయిపోతే ఇసకే ఎక్కువగా కూరి నాలుగు ఇటుకలు పెట్టింది. ఆ చోటు కట్టినదానికి తప్ప ఎవరికీ తెలియదు. కానీ దెబ్బ పడితే ఇల్లంతా మోగుతుంది, పైన తలుపు తెరిచే ఉంది. సమ్మెట ఎత్తి అలాగే నిలబడిపోయింది. కొడితే వాడు తుపాకులకు, కొట్టకపోతే నీళ్ళకు.

అప్పుడు పైన మామా గొంతు లేచింది.

రెండు మూడు నెలల తర్వాత లేచిన గొంతు. “కుక్కల్లారా! దొంగ నా కొడుకుల్లారా! మీ అమ్మలు మిమ్మల్ని కన్నది నా తివాచీలు మొయ్యడానికా!” ఏదో గాజుసామాను భళ్ళున పగిలింది. ఎవడో అరిచాడు, దెబ్బ పడింది. మామా ఇంకా గట్టిగా అరిచింది.

మద్దమ్మ సమ్మెట వేసింది. ఇటుక కదిలింది. ఇంకో దెబ్బ. ఊపిరి తీసుకోవడానికి ఆగితే పైన మామా కూడా ఆగింది. మళ్ళీ వెయ్యబోయేసరికి మళ్ళీ అందుకుంది. మూడోసారికి మద్దమ్మకు అర్థమైంది. ఆ తల్లి కింది దెబ్బను చెవులొగ్గి వింటోంది, విని తన అరుపుతో, తన ఒంటిమీద పడే దెబ్బతో దాన్ని కప్పుతోంది. ఎందుకంత గట్టిగా కడితినే, ఎందుకంత సిమెంటు పోస్తినే అని ఏడుస్తూ కొట్టింది. పైన కర్రో, తుపాకో, మెత్తటిదాని మీద పడుతున్న చప్పుడు. కరుణమ్మ “వదిలెయ్యండి, చచ్చిపోద్ది” అని మొత్తుకుంటోంది. ఒక ఇటుక లోపలికి పడింది. రెండోది. మూడోది విరిగి మద్దమ్మ భుజం మీదనే పడింది. నాలుగోది చేత్తోనే పీకేసింది.

ఫైసల్ రెండు చేతులూ బయటికొచ్చాయి. పట్టి లాగింది. ఇటుక అంచులకు వాడి పొట్ట చర్మం జానెడు మేర చీరుకుపోయింది. నీళ్ళలో పడి లేచి నిలబడ్డాడు, దగ్గాడు, అప్పుడు విన్నాడు.

“మా అమ్మ!”

మెట్ల వైపు దూకాడు. మద్దమ్మ వెనకనుంచి మెడచుట్టూ చెయ్యి వేసి వెనక్కి గుంజింది. ఇరవై రెండేళ్ళ మగవాడు, ఆమె నలభై దాటిన మనిషి. కాని బావిలోంచి మట్టి మోసిన చేతులవి. వాడు మోచేత్తో పక్కటెముకల్లో పొడిచాడు. ఆమె వాడి నోరు అరచేత్తో మూసింది, వాడు కొరికాడు, కండ తెగేదాకా కొరికాడు. వదల్లేదు. జుట్టుపట్టి తలను నీటి అంచుకు అదిమింది.

“నువ్వు పోతే ఇద్దరూ పోతారు,” అంది చెవిలో. “ఆమె ఎవరి కోసం తింటాండాదిరా ఆ దెబ్బలు!”

పైన ఇంకో నాలుగు పడ్డాయి. మామా అరుపు మూలుగయింది, మూలుగు కూడా ఆగింది. వాడు మద్దమ్మ చేతుల్లో కొట్టుకుంటూనే ఉన్నాడు. కాసేపటికి కొట్టుకోవడం మానేశాడు. అప్పుడామెకు ఇంకా భయమేసింది. ఎవడో తలుపు దగ్గరికొచ్చి “బియ్యమేదే?” అని కేకేశాడు. “బస్తా తడిసింది బాబా, వస్తాండా,” అని గొంతు సవరించుకుని పలికింది. లారీ హారన్ మోగింది, అధికారి “యల్లా, యల్లా” అని తొందరపెట్టాడు. బూట్లు బయటికి పరిగెత్తాయి. లారీ వీధి మలుపు తిరిగేదాకా ఆమె పట్టు సడలలేదు.

హాల్లో మామా తల కరుణమ్మ ఒళ్ళో ఉంది. ఒక కన్ను మూసుకుపోయింది, చెవిలోంచి నెత్తురు. కొడుకు మోకాళ్ళ మీద పడి చెయ్యి పట్టుకున్నాడు. తెరుచుకున్న కంటితో వాణ్ణి చూసింది. సంతోషిస్తుందనుకున్నారు. మొహం నిండా కోపం.

“పైకెందుకొచ్చావురా గాడిదా. కిందికి పో.”

అదే ఆఖరి మాట. సాయంత్రం దాకా ఊపిరి ఆడింది, మాట మళ్ళీ రాలేదు. మర్నాడు కువైట్‌ను విడిపించే సైన్యాలు ఊళ్ళోకొచ్చాయి, జెండాలు ఎగిరాయి, తుపాకులు గాల్లోకి పేలాయి. ఆ ఇంట్లో మాత్రం మద్దమ్మ, కరుణమ్మ పక్కింటి ఆడవాళ్ళతో కలిసి మామాకు స్నానం చేయించే నీళ్ళు తోడుతున్నారు.

మద్దమ్మ అదే ఇంట్లో ఇంకా పద్నాలుగేళ్ళు పనిచేసింది. ఫైసల్‌కు పెళ్ళయింది, అతని ముగ్గురు పిల్లల్నీ ఆమే ఎత్తుకు పెంచింది. ఆ రోజు సంగతి ఇద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు. మూడోరోజు సంతాపానికి వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక ఒకసారి ఆమె నోరు తెరవబోయింది, అతను లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆమె కూడా మూసుకుంది. లోపల మాత్రం ఒకటే మాట. ఎక్కవని చెప్పింది నేనే గదా, నా మాట మీదనే గదా ఆ తల్లి కొడుకును కిందికి పంపింది.

రెండువేల అయిదులో మోకాళ్ళు పనిచెయ్యక, ఇక ఊరికి పోతానంది. విమానాశ్రయానికి అతనే కారు నడిపాడు. సామాను తూకం వేయించి, బోర్డింగు కాగితం చేతికిచ్చి, జనం మధ్య నిలబడి, ఆమె మొహం చూడకుండా చెప్పాడు.

“నీళ్ళు ఎక్కవన్నందుకు నీ మీద నాకెప్పుడూ కోపం లేదు మద్దీ. నీకు తెలియదు, అంతే. కాని ఆ రోజు నన్ను పట్టుకున్నావు చూడు. అది మాత్రం ఇప్పటికీ క్షమించలేకపోతున్నా.”

మద్దమ్మ కాగితాన్ని మడిచి రొండిన దోపుకుంది. పద్నాలుగేళ్ళు తాను మోసింది ఒక తప్పును, అతను మోసింది ఇంకొకదాన్ని. రెండోదానికి తన దగ్గర క్షమాపణ ఏమాత్రం లేదని అప్పుడు తెలిసింది ఆమెకు.

“క్షమించద్దు నాయనా,” అంది. “ఆ రోజు మళ్ళీ వస్తే మళ్ళీ పట్టుకుంటా.”

అతను తలూపాడు. లోపలికి పోయే గేటు దాకా ఆమె సంచీ తనే మోశాడు.